చెప్పి వెళ్లడం

నాకు అక్షరాలు వచ్చి రెండేళ్లే అయింది. అందుకే ఎప్పుడో బస్సులో కలిసిన ఒకావిడ గురించి ఇన్నాళ్లకు రాస్తున్నాను.

మా అమ్మాయి కువైట్ వెళ్లిన రోజు, ఏడుస్తుందని నాలుగేళ్ల కూతుర్ని నిద్ర లేపకుండానే బయల్దేరింది. అప్పటి నుంచి మనవరాలు నా కొంగు వదిలేది కాదు. బడిలో దింపితే వాంతి చేసుకునేది. అమలాపురంలో డాక్టరు గారికి చూపించి, కొత్తపేట బస్సెక్కాం. పక్కనున్నావిడకు ఇదంతా చెప్పాను.

"కడుపులో ఏమీ లేదంటండీ, విడిచి ఉండలేని బెంగంట."

"బళ్లో దింపి ఎలా వచ్చేస్తారండీ?"

"అది అటు తిరగ్గానే జారుకుంటానండీ."

"అమ్మ అలాగే వెళ్లేరు, మీరూ అలాగేనా? చెప్పాపెట్టకుండా పోయేవాళ్లని ఏ పిల్ల వదుల్తుందండీ?"

"చెబితే ఏడుస్తుందండీ."

"ఏడవనివ్వండి. చెప్పిన టైముకి మీరొస్తే చాలు."

బస్సింకా కదలలేదు. ఆవిడ లేచి మనవరాలితో, "నీళ్ల సీసా కొనుక్కుని ఇక్కడికే వస్తానమ్మా," అని దిగింది. పిల్ల కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఆవిడ తిరిగొచ్చి కూర్చోగానే, "వచ్చేసిందే అమ్మమ్మా!" అంది.

మర్నాడు బడి గుమ్మం దగ్గర దాని ముందు గొంతుక్కూర్చుని, "ఇంటికి వెళ్తున్నానమ్మా, అన్నం గంటకి వస్తాను," అని చెప్పాను. ఏడ్చింది. అది చూస్తుండగానే నడిచి వెళ్లాను. గంట కొట్టకముందే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాను.