సక్కుబాయి దంతపు గాజుల వ్యాజ్యము

జైనూరునకు రెండు కోసుల దూరమున, గుట్టవాలున నున్న తండాలో సక్కుబాయి యను లంబాడీ యిల్లాలు కాపురముండెను. జొన్నచేలో నిలిచి ఆమె కేక వేసినచో అడవిపందులు దారి మార్చుకొని పోవునని చుట్టుప్రక్కల వారు చెప్పుకొనెడివారు. అందలి నిజానిజములు పందులకే తెలియవలెను. ఆమె సర్కారుతో వాదమునకు దిగిన సంగతి మాత్రము ఆసిఫాబాదు కచేరీలో, పట్టపగలు, పదుగురి యెదుట జరిగినది.

అది పందొమ్మిదివందల అరువదిమూడవ సంవత్సరపు చలికాలము. మసూచి రోగమును రూపుమాపనెంచి ప్రభుత్వము ఇంటింట టీకాలు వేయించుచుండెను. వేయించుకొననివారు కచేరీలో సమాధానము చెప్పుకొనవలెనని తాలూకాలో ఉత్తర్వు వెలువడెను. టీకాలు వేయు చాంద్‌పాషా మందుపెట్టెను సైకిలుకు కట్టుకొని తండాకు వచ్చి, పిల్లలకును మగవారికిని ఒక పూటలోనే పని ముగించెను. పిమ్మట సక్కుబాయి వంతు వచ్చినది. పని అచ్చటనే ఆగినది.

లంబాడీ ముత్తైదువలు మోచేతి పైనుండి భుజము వరకు తెల్లని దంతపు గాజులను వరుసగా ధరింతురు. పెండ్లినాడు తొడిగిన ఆ గాజులు భర్త జీవించియున్నంత కాలము చేతిని వీడవు. తీయుట యనగా వైధవ్యమే. టీకా వేయవలసిన చోటు సరిగా వాని క్రిందనే యుండెను.

"జర గాజులు తియ్యి బాయీ. రెండు నిమిషాల పని. మళ్ల ఏసుకో," అనెను చాంద్‌పాషా.

"నా మొగడు గా మంచం మీద కూసొని బీడీ తాగుతుండు, కనవడ్తలేడా? ఆయన బతికుండంగ ఎట్ల తీస్త?"

"మరి నేనేం జెయ్యాలె? భుజం మీదనే ఎయ్యాలని ఇన్‌స్పెక్టర్ సాబ్ హుకుం."

సక్కుబాయి తనకు న్యాయమని తోచిన ఉపాయమును చెప్పెను. "నాది గూడ ఆయనకే పొడువు. ఆయన చేతులు ఖాళీనే ఉన్నయి."

భర్త థావ్ర్యా బీడీ పారవైచి లేచెను. "నాదైపోయింది గదనే! ఇంకోటి నాకెందుకే?"

"ఇన్నేండ్లు నీ పనులన్ని నేను జెయ్యలేదా? నాదొక్కటి నువ్వు జేస్తే అరిగిపోతవా?"

"ఒకరి టీకా ఇంకొకరికి పన్జెయ్యదు బాయీ," అని చాంద్‌పాషా కడుపుబ్బ నవ్వెను. నవ్వుచునే తన పుస్తకమున 'నిరాకరించినది' అని వ్రాసికొనెను. తండాలోని తక్కిన ఇల్లాండ్రు పందొమ్మిది మంది, సక్కుబాయి సంగతి తేలినపిమ్మటనే తమ సంగతి చూతమనిరి.

పది దినములకు కచేరీకి హాజరు కావలెనని ఆమె పేర సమను వచ్చెను.

"జుర్మానా కట్టి వస్తే అయిపాయె," అనెను థావ్ర్యా.

"కడితే తప్పు జేసిన అని ఒప్పుకున్నట్టే గద. మళ్లొచ్చి గాజులు తియ్యమనే అంటరు. నేను అడిగే వస్త."

వకీలును పెట్టుకొనక, భర్తను మాత్రము వెంటబెట్టుకొని ఆమె కచేరీకి పోయెను. ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు ఫిర్యాదును వినిపించిన పిదప, మేజిస్ట్రేటు ఆమెను చూచి, "టీకా అంటే భయమా అమ్మా?" అని అడిగెను.

"భయమెందుకు సాబ్? ఆరుగురిని కన్న. గా సూది నాకు దోమ లెక్క. టీకా వద్దంటలే. గాజులు తియ్యనంటున్న."

"తీసి మళ్ళీ వేసుకోవచ్చు కదా?"

"తీస్తే మొగడు సచ్చిండని లెక్క. ఈయన నిమ్మలంగ నిలబడి ఉండంగ నేనెట్ల తియ్యాలె? ఏడున్నవయ్యా, జర ముందట్కి రా!"

వెనుక గోడవారగా నిలిచి తలపాగా సవరించుకొనుచున్న థావ్ర్యా, తన్ను పిలిచినది సాక్ష్యమునకో శిక్షకో తెలియక, చేతులు జోడించి వచ్చెను. "బతికే ఉన్న సాబ్," అనెను.

కచేరీ యంతయు గొల్లుమనెను. మేజిస్ట్రేటు తన నవ్వును కాగితముల చాటున దాచుకొని, ఆ వాంగ్మూలమును వ్రాసికొనుమని గుమాస్తాకు చెప్పెను.

ఇన్‌స్పెక్టరు ఊరకుండలేదు. "తలా ఒక చోట వేయించుకుంటే మేము తనిఖీ ఎట్లా చేయాలండీ? మచ్చ భుజం మీదనే చూస్తాం."

మేజిస్ట్రేటు ఉత్తర్వును తెప్పించి రెండుమారులు చదివెను. "టీకా వేయించుకోవాలని ఉన్నది. భుజమన్న మాట ఇందులో లేదే!"

"అది మా శాఖ పద్ధతి," అని ఇన్‌స్పెక్టరు మెల్లగా పలికెను.

"మోచేతి కింద వేస్తే పట్టదా?" అని మేజిస్ట్రేటు ఇన్‌స్పెక్టరు వెంట వచ్చిన చాంద్‌పాషాను అడిగెను.

చాంద్‌పాషా తన పై అధికారి ముఖమును చూచెను. అందు ప్రసన్నత ఏమియు కానరాలేదు. ఐనను పదునెనిమిదేండ్లుగా చేసిన పనిని గూర్చి అబద్ధమాడుటకు అతనికి నోరు రాలేదు. "పడ్తది హుజూర్. తోలు యాడున్న తోలే. నాకు హుకుం లేక ఎయ్యలే."

టీకా ఎవ్వరికిని తప్పదనియు, అందుకొరకు ముత్తైదువ గాజులు తీయించు అధికారము మాత్రము ఆ ఉత్తర్వు ఎవ్వరికిని ఈయలేదనియు మేజిస్ట్రేటు తీర్పు చెప్పెను. ఆనాడే ముంజేతిపై వేయించుకొన్నచో కేసు కొట్టివేయబడును.

కచేరీ వరండాలో సక్కుబాయి ఎడమచేయి చాచెను. మోచేతి క్రింద పచ్చబొట్లు కిక్కిరిసియుండెను.

"తేలుకు నెమలికి నడుమ జాగున్నది, గాడ పొడువు. నెమలి కన్ను పోగొట్టకు భాయి," అని ఆమె హెచ్చరించెను. సూది తగిలినప్పుడు ఆమె కిక్కురుమనలేదు. ప్రక్కన నిలిచిన థావ్ర్యాయే మూలిగెను.

బస్సు దిగి గుట్టదారి పట్టిన తరువాత ఆమె భర్తతో, "నువ్వు బతికున్నవని సర్కారు కాయిదం మీద రాసుకున్నది. ఇగ పైలంగ ఉండు. నీకేమన్న అయితే కచేరిల నా మాట అబద్ధమైతది," అనెను.

"గట్లనా! ఇగ నాకు సచ్చే హక్కు గూడ లేకపాయె," అని అతడు నిట్టూర్చెను.

తండా మొదట ఇల్లాండ్రందరును ఎదురుచూచుచుండిరి. తీర్పేమని ఒక్కరును అడుగలేదు. అందరి చూపులును ఆమె భుజముల మీదికే పోయెను. గాజులన్నియు నున్నవి. అంతట వారు ఆమెను చుట్టుముట్టి ముంజేతిని పరిశీలించి, సూది పడిన చోటును తలకొకమారు తాకి చూచిరి.

మరుసటి మంగళవారము చాంద్‌పాషా సైకిలు నెట్టుకొనుచు గుట్ట యెక్కి వచ్చుసరికి, పందొమ్మిది మందియు పచ్చబొట్ల నడుమ తమతమ చోట్లను పొయ్యిబొగ్గుతో గురుతు పెట్టుకొని, ఎడమచేతులు చాచి వరుసగా కూర్చుండియుండిరి.