చెయ్యి అడ్డం పెట్టడం నేర్పిన వదిన

"తిన్నావేటే మరదలా?"

"తిన్నాను వదినా."

"ఉన్నంతా, సాలినంతా?"

"సాలినంతే."

మీ అమ్మతో నా ఆఖరి మాటలు ఇవే. ఆసుపత్రి మంచం మీద ఆవిడ, పక్కన ముక్కాలిపీట మీద నేను. నా జవాబు విని కళ్లు మూసుకుంది, సాయంత్రానికి పోయింది. పోయేముందు మనిషి పొలం గురించి అడుగుతుంది, పిల్లల గురించి అడుగుతుంది. ఈవిడేంటి, నా తిండి గురించి అడిగింది అని నువ్వప్పుడు విస్తుపోయావు. ఆ సంగతే ఇవాళ చెబుతాను, రాసుకో.

మీ స్టీల్ ప్లాంటు కోటర్సులో ఆడవాళ్లు "మీ అత్త ఒళ్లు ఏ మందుతో తగ్గింది" అని నిన్ను అడుగుతున్నారన్నావు. మందూ లేదు, మాకూ లేదు. మీ అమ్మే. నా భర్తకి అక్క, నాకు వదిన. నాకు సంతకం చెయ్యడం వచ్చు గానీ ఇంత కథ రాయలేను. నేను చెప్పింది చెప్పినట్టు నువ్వు పెట్టు.

పెళ్లయి నేను ఈ పట్నం వచ్చేసరికి మీ మావయ్య పోర్టులో కళాసీ. ఓడల్లోంచి సరుకు దించడం, ఓడల్లోకి ఎక్కించడం. పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక్క గది, ఆ గదిలోనే పొయ్యి. ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం సాయంత్రం, ఒక వారం రాత్రి. ఆయన ఎప్పుడొస్తే అప్పుడే మా ఇంట్లో అన్నం వేళ. ఆయన తిన్నాకే నేను. అలా తినమని నన్నెవరూ కట్టడి చెయ్యలేదు. మా అమ్మ అలాగే తింది, మా అత్తగారూ అలాగే తింది. కంచం కూడా పెట్టుకునేదాన్ని కాదు. పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని, అన్నం గిన్నెలోనే పులుసు పోసి కలిపేసుకుని, అడుగున అంటుకున్న మాడు గీక్కుని తినేసి, గిన్నె కడిగి బోర్లించేదాన్ని. ఆయన మంచి ఆకలి మీదొచ్చిన రోజు నాకు నాలుగు ముద్దలు. ఒంట్లో బాగోక చెయ్యి కడిగేసుకున్న రోజు నాకు గిన్నెడు. ఎంత మిగిలితే అంతే నా భోజనం. గిన్నె ఖాళీ అయిందంటే నా కడుపు నిండిందని లెక్క.

నాకది కష్టమని ఏనాడూ తోచలేదు. ఆయన నెమ్మదస్తుడు. కోనేం చేప పులుసు వండితే పొట్ట ముక్కలు గరిటెతో అడుక్కి తోసేసి, పైనున్న తలకాయ తను వేసుకునేవాడు. నేను చూడలేదనుకునేవాడు. చూసి కూడా చూడనట్టు ఊరుకునేదాన్ని, ఆ ముక్కల కోసం కాదు, ఆయన దొంగచాటు ముఖం కోసం.

పిల్లలు పుట్టలేదు. ఒక వానాకాలం జ్వరమొచ్చి ఆయన వెళ్లిపోయాడు. చావింట్లో పొయ్యి వెలిగించకూడదు కదా, సందులో ప్రతి ఇంటివాళ్లూ ఏదో ఒకటి వండి తెచ్చారు. ఒకావిడ ఉప్మా, ఇంకొకావిడ పప్పన్నం, మసీదు పక్కింటి బీబీ సేమ్యా. ఏడుస్తుంటే నోట్లో పెట్టేవారు. నీరసించిపోతావు తినమనేవారు. ఆ చేతులన్నిటికీ ఇప్పటికీ దణ్ణం పెడతాను. కానీ ఒక సంగతి జరిగింది. నోట్లో ముద్ద ఉన్నంతసేపూ ఏడుపు ఆగేది. అది నా ఒళ్లు పట్టేసుకుంది.

అందరూ వెళ్లిపోయాక పొయ్యి వెలిగించాను. తవ్వెడు బియ్యమే పోశాను. ఇద్దరికీ కలిపి రోజూ పోసే కొలత. సగం పోద్దామని చేత్తో తీసి, మళ్లీ డబ్బాలోంచి గిన్నెలోకే వేసేసేదాన్ని. ఆయన వాటా తగ్గించడానికి నాకు చెయ్యాడలేదు. వండాక ఎదురుగా గిన్నెడన్నం. ముందు తినేవాడు లేడు. మిగిలింది తినడమే తెలిసిన మనిషికి మొత్తం మిగిలిపోయింది. అన్నం పారెయ్యకూడదని మా అమ్మ ఒట్టేయించిన బుర్ర నాది. తినేసేదాన్ని.

అన్నంతో ఆగలేదు. సాయంత్రం పోర్టు సైరన్ మోగేసరికి గుండె కింద ఖాళీ అయిపోయినట్టుండేది. ఆకలనుకునేదాన్ని. బెల్లం ముక్క, వేయించిన నెత్తళ్లు, చద్దన్నం, ఏది చేతికందితే అది నిలబడే తినేదాన్ని. తిన్నది రుచి కూడా తెలిసేది కాదు. ఏడాది తిరిగేసరికి జాకెట్లన్నీ కుట్లు విప్పుకోవలసి వచ్చింది. కుళాయి నుంచి బిందె తెస్తే గుమ్మంలో కూర్చుండిపోయి రొప్పేదాన్ని.

అప్పుడే ఆయన పేరున నాకు పోర్టు ఆఫీసులో పనికి పిలుపొచ్చింది. మూడంతస్తుల మేడ. పైకీ కిందికీ కాగితాలు మొయ్యాలి, మంచినీళ్లు అందించాలి. ముందు డాక్టరు చూసి సరేననాలి. ఆయన నా చేతికి పట్టీ కట్టి గాలి కొట్టి చూశాడు, తూకమెక్కించాడు, నాలుగు మెట్లు ఎక్కి దిగమన్నాడు. నేను రొప్పుతుంటే కుర్చీ చూపించి కూర్చోబెట్టాడు. "ఇప్పుడు బాగుందని రాయలేనమ్మా. ఆరు నెలలాగి రా, తగ్గి రా. అప్పుడు తప్పకుండా చూస్తాను" అన్నాడు. ఖాళీ అట్టే పెట్టమని ఆఫీసుకి రాసిచ్చింది కూడా ఆ దొరే.

ఆ పని దక్కకపోతే తమ్ముడి ఇంటికి పోవడమే నాకు దారి. వాడొచ్చి అరుగు మీద కూర్చుని నన్ను ఎగాదిగా చూసి, "వచ్చేయప్పా, దానికేటి. ధాన్యం గరిసికి తాళమేసుకుంటాంలే" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. వాడు వెళ్లాక గానీ ఆ మాట నాకు అర్థం కాలేదు. బతికినన్నాళ్లూ ఇంకొకళ్ల గిన్నె వంక చూస్తూ, ఎంత తింటే ఏమనుకుంటారో అని తినాలి. అది తల్చుకుంటేనే చచ్చిపోవాలనిపించింది.

సందులోవాళ్లు తలో మాటా చెప్పారు. ఒకరు శనివారం ఒంటిపూట ఉండమన్నారు, ఒకరు నిమ్మకాయ నీళ్లన్నారు. ఉన్నాను. శనివారం మాడి, ఆదివారం రెండు రోజులదీ కలిపి లాగించేదాన్ని. నా మీద నాకే అసహ్యం పుట్టేది. అసహ్యం పుడితే మళ్లీ ఏదో ఒకటి నమలాలనిపించేది. నోరు కట్టుకోలేని దరిద్రపుదాన్నని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

ఆ సంగతి ఎవరు చేరవేశారో, మీ అమ్మ తగరపువలస నుంచి బస్సు దిగింది. భుజాన గుడ్డ సంచీ, చంకలో కోడిపెట్ట. అప్పుడు నువ్వు బడికెళ్లేదానివి, మీ నాన్నమ్మ దగ్గర వదిలేసి వచ్చింది. నన్ను చూసి లావు మాట ఎత్తలేదు. రెండు రోజులు ఊరికే చూసింది. నేను వండాను, ఆవిడకి వడ్డించాను, ఆవిడ తిని లేచాక పొయ్యి దగ్గర గిన్నె ముందేసుకుని కూర్చున్నాను. మూడో రోజు నా చేతిలోంచి గిన్నె లాక్కుంది.

"ఆ పీట మీద కూకో" అంది.

కంచం తెచ్చి నా ముందు పెట్టింది. నాకు సిగ్గేసింది. పెద్దావిడ, ఆడపడుచు, నాకు వడ్డించడమేంటి? లేవబోతే భుజం మీద చెయ్యేసి నొక్కింది. కొంచెం అన్నం, వంకాయ కూర, చారు. ఇటు నేను కలుపుకుంటూ ఉంటే అటు తను గరిటె పట్టుకుని ఎదురుగా కూర్చుంది. అది తినేశాక అడిగింది.

"ఇంకొంచెం ఎయ్యనా?"

"గిన్నిలో ఎంతుంది వదినా?" అన్నాను.

"గిన్ని సంగతి ఎవులడిగారే? నిన్నడుగుతన్నాను. నీకు కావాలా, ఒద్దా?"

నాకు నిజంగా తెలియలేదు. ఆ గది కాపురంలో అందరికీ వడ్డించి అందరినీ అడిగాను, వచ్చిన చుట్టాన్ని అడిగాను, మీ మావయ్యని రోజూ అడిగాను. నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు, నాకు నేనూ అడుక్కోలేదు. లోపలికి చూసుకుంటే ఏమీ కనబడలేదు. కంచంలో చెయ్యి పెట్టుకుని ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. గరిటె గిన్నెలో పెట్టి, మూత పెట్టి, నా ఏడుపు అయ్యేదాకా అలాగే కూర్చుంది.

"నీకూ నీ కడుపుకీ మాటల్లేవే మరదలా," అంది చివరికి. "కొత్తగా మొదలెట్టాల. మెల్లిగా పలుకుద్దిలే."

అప్పటినుంచి అదే మా పని. పూటపూటా నన్ను కూర్చోబెట్టి వడ్డించేది. కొంచెం వేసి ఆగేది. ఆగినప్పుడు మాటల్లో పెట్టేది, మీ ఊరి సంగతులు, ఎవరి మేక ఎవరి చేలో పడింది, అలాంటివి. తర్వాత అడిగేది. మొదట్లో నేను ప్రతిసారీ వెయ్యమన్నాను. అన్నప్పుడల్లా వేసింది. "మళ్లీనా" అని ఒక్కసారైనా మొహం పెట్టలేదు. అలా పెట్టి ఉంటే నేను దాచుకుని తినేదాన్ని. అడిగితే దొరుకుద్దన్న నమ్మకం కుదిరాక ఎగబడడం తగ్గింది. ఒక మధ్యాహ్నం ఆవిడ గరిటె ఎత్తింది, నా ఎడమ చెయ్యి దానంతటదే కంచం మీదకి అడ్డం వెళ్లింది. పెళ్లి బంతిలో పెద్దమనుషులు విస్తరి మీద పెట్టినట్టు. నేనా చెయ్యి చూసుకున్నాను. ఆవిడా చూసింది.

"ఓలమ్మో, జమీందారు గారికి సాలిందట" అంది. ఇద్దరం పొరబోయేలా నవ్వుకున్నాం. ఆయన పోయాక నేను మనసారా నవ్వడం అదే మొదటిసారి.

తవ్వెడు బియ్యం మాత్రం ఆవిడ వెంటనే తగ్గించనివ్వలేదు. "నీకు సెయ్యాడినప్పుడే తగ్గించు" అంది. మిగిలిన అన్నం పక్కింటి గేదె కుడితిలో కలిపించింది. గేదె తింటే పారేసినట్టు కాదంది. ఆ మాటతో మా అమ్మ ఒట్టు నా మెడ మీంచి దిగింది. కొన్నాళ్లకి నేనే సోలెడు పోశాను. పోసి, డబ్బా మూత పెట్టి, గోడకి జారబడ్డాను. మీ అమ్మ బయట అరుగు మీదే కూర్చుండిపోయింది, లోపలికి రాలేదు.

సైరన్ వేళ సంగతి కూడా ఆవిడే కనిపెట్టింది. ఆ వేళకి నేను బెల్లం డబ్బా దగ్గరికి వెళ్తుంటే, "ఇది ఆడొచ్చే ఏల కదూ?" అని అడిగింది. అవునన్నాను. అంతే. సంచీ తీసి, కూరలు తెద్దాం పదమంది. రోజూ ఆ వేళకి మార్కెట్ చుట్టూ తిరిగొచ్చేవాళ్లం. దారిలో తన తమ్ముడి గురించి, అదే మీ మావయ్య గురించి చెప్పేది. చిన్నప్పుడు తాటిముంజెలు తిని కడుపునొప్పితో దొర్లిన సంగతి, అక్క కొట్టిందని బావిలో దూకుతానని బెదిరించిన సంగతి. నేనెరగని మనిషిని చెప్పింది. నేనూ చేప ముక్కల సంగతి చెప్పాను. మార్కెట్ జనంలో నడుస్తూ ఇద్దరం ఏడ్చేవాళ్లం, ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇంటికొచ్చేసరికి ఆ ఖాళీ పూర్తిగా పోయేది కాదు గానీ, దాని పేరు ఆకలి కాదని తెలిసింది.

అంతా సాఫీగా జరిగిందని రాయకు. వరి కోతలకి ఆవిడ ఊరెళ్లినప్పుడు, ఒక్కదాన్నీ పొయ్యి దగ్గర కూర్చుని గిన్నెడన్నం, పులుసుతో సహా ఊడ్చేశాను. కంచం తియ్యాలని కూడా గుర్తురాలేదు. ఆవిడ వచ్చాక చెప్పేశాను, ఇంక నావల్ల కాదు, తమ్ముడింటికి పోతానన్నాను.

"తిన్నావు. అయితే ఏటి? రేపు పొయ్యి ఎలిగించవా?" అంది, సంచీలోంచి కొత్త బియ్యం తీస్తూ. పొద్దున్నే మళ్లీ పీట వేసింది.

గడువు రోజున ఇద్దరం వెళ్లాం. ఆవిడ బయట బల్ల మీద కూర్చుంది. డాక్టరు అదే పట్టీ కట్టాడు, తూకం చూశాడు. ఈసారి మేడ మెట్లన్నీ ఎక్కి రమ్మన్నాడు. ఎక్కాను. మధ్యలో రెండుసార్లు ఆగానేమో, కూలబడలేదు. ఆయన కాగితం మీద రాస్తూ ఏం మందు వాడావమ్మా అని అడిగాడు. "మందు లేదు బాబూ, మా వదిన అడిగి వడ్డించింది" అన్నాను. ఆయనకేం అర్థమైందో, తలెత్తి చూసి, బాగుందని రాసి సంతకం పెట్టాడు.

బయటికొచ్చి కాగితం చూపించాను. మీ అమ్మకీ చదువు రాదు కదా, కింద సంతకం ఉందా అని చూసింది. వంగి కాళ్లు పట్టుకోబోయాను. "లెగు లెగు, తగరపువలస బస్సెల్లిపోద్ది" అంది. ఆ సాయంత్రమే వెళ్లిపోయింది. కోతలకి తప్ప ఇంచుమించు ఆరు నెలలు సొంత ఇల్లు, నిన్ను, కోళ్లని వదిలేసి వచ్చిన మనిషి. అత్త ఇంటికెళ్లి కూర్చుండిపోయిందని నువ్వు అలిగావని తర్వాత తెలిసింది. మీ అమ్మని నీ దగ్గర్నుంచి అన్నాళ్లు తీసేసుకున్నాను, నిన్నూ తల్చుకునే దణ్ణం పెడుతుంటాను.

ఆ మర్నాటి నుంచి ఆ మెట్లే నా బతుకు. నా జీతం, నా గది, నా బియ్యం. తమ్ముడింటికి పండక్కి వెళ్లాను, ఉండిపోవడానికి వెళ్లలేదు. ఇప్పటికీ మనసు బాగోని రోజు గిన్నెలో తినాలనిపిస్తుంది. ఒక్కోసారి తింటాను కూడా. మర్నాడు పొయ్యి వెలిగిస్తాను. మీ కోటర్సువాళ్లకి అదే చెప్పు. తిట్టుకుంటే తగ్గదు, మాడితే తగ్గదు. ఎవరో ఒకరు ప్రేమగా అడగాలి, అడిగేవాళ్లు లేకపోతే కంచం ముందు కూర్చుని మనల్ని మనమే అడుక్కోవాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి.

అయిందా? ఏంటలా ముక్కు తుడుచుకుంటున్నావు? మీ అమ్మని నేను పొగిడిన దాని కంటే ఎక్కువ నువ్వేమైనా కలిపేశావేమో, నాకనుమానంగా ఉంది. ఏదీ, కాగితం వెలుతురులోకి పెట్టు. మొదటినుంచీ నెమ్మదిగా చదువమ్మా, వింటాను.