ఎదురు బండి వంటాయన

నా చిన్నప్పుడు మా బాపు రైల్లో వంట చేసేవాడు. ఢిల్లీకి, మద్రాసుకు మధ్య తిరిగే బండి అది. హైదరాబాద్‌కు రాదు. కాజీపేట మీదుగా వెళ్లిపోతుంది. సెలవు దొరికినప్పుడు బాపు అక్కడ దిగి అమీర్‌పేటలో మా ఇంటికి వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఆయన ఎక్కడున్నాడో మాకు తెలిసేది కాదు. ఏదో ఊరి మీదుగా పోతూ ఎవరికోసమో అన్నం వండుతుంటాడని మాత్రం అనుకునేవాళ్లం.

ఒకరోజు పొద్దున అమ్మ పొయ్యి ముందే కుప్పకూలింది. కడుపునొప్పిని చాలా రోజులుగా ఎవరికీ చెప్పకుండా ఓర్చుకుంటోందట. పక్కింటి చాచా తన ఆటోలో పంజాగుట్ట ఆసుపత్రికి తీసుకెళ్లాడు. కడుపులో పేగు పగిలి చీము ఒళ్లంతా పాకిందని, ఆపరేషన్ చేసినా గట్టి నమ్మకం చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఆపరేషన్ అయ్యాక అమ్మ కళ్లు తెరిచి అడిగింది ఒక్కటే మాట. "మీ బాపు వస్తుండా?"

మా నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లిపోయింది. నేను అమ్మ మొహం చూడలేక చాచా చెయ్యి పట్టుకున్నాను. బాపు ఏ ఊళ్లో ఉన్నాడో తెలియదు. ఇప్పటిలా చేతిలో ఫోన్లు లేవు. ఎవరిని అడగాలి? ఏమని అడగాలి? అటు పోయే బండివాళ్లతో కబురు పంపుదామన్నాడు చాచా. నన్ను ఆటో ఎక్కించుకుని సికింద్రాబాద్ స్టేషన్‌కు పోనిచ్చాడు.

సాయంత్రం ఢిల్లీ పోయే బండి ఒకటి ప్లాట్‌ఫారం మీద ఆగి ఉంది. వంటపెట్టె తలుపు దగ్గర కూర్చుని ఒకాయన ఆలుగడ్డల చెక్కు తీస్తున్నాడు. చాచా నన్ను ముందుకు తోశాడు. "చెప్పు బేటీ. నువ్వే చెప్పాలె."

ఏడుపు మధ్యలో ఏం చెప్పానో గుర్తులేదు. ఆయన కత్తి పక్కన పెట్టి ఓపిగ్గా విన్నాడు. మాటతీరు చూస్తే కోస్తా వైపు మనిషి.

"మీ నాన్నగారి పేరేంటమ్మా? ఏ బండి?" అని అడిగాడు. చెప్పాను. "దొరుకుతారో లేదో చెప్పలేను. నాగపూర్‌లో ఆ బండి ఎదురైతే మాత్రం దిగి చెప్తాను," అని మళ్లీ కత్తి అందుకున్నాడు.

బండి కదిలింది. నాకు చాచా మీద పట్టరాని కోపం వచ్చింది. "గా మనిషికి మా బాపు ఎవరో సుత తెల్వదు. ఎందుకు చెప్తడు?" అని అరిచాను.

"చెప్తడో లేదో నాకు సుత తెల్వదు బేటీ," అన్నాడు చాచా. "ఇంకెవరికి చెప్పాల్నో నాకు సమజ్ అయితలేదు." అంత పెద్ద మనిషి కళ్లలో నీళ్లు చూడడం నాకదే మొదలు. నా భయం రెట్టింపయింది.

మర్నాడంతా అమ్మ జ్వరంతో కాలిపోయింది. మెలకువ వచ్చినప్పుడల్లా తలుపు వైపే చూసేది. వస్తున్నాడని అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. "చెప్పి పంపినం అమ్మా," అన్నాను. ఆ మాటకే అమ్మ తల ఊపి కళ్లు మూసుకునేది.

పొద్దు గూకే వేళకు బాపు వచ్చాడు. వంట చేసే బట్టల్లోనే, చొక్కా నిండా పసుపు మరకలతో, వార్డు గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డాడు. అమ్మ చెయ్యి చాచింది. "తిన్నవా?" అని అడిగింది. బాపు మంచం పక్కన కూలబడి ఆ చేతిలో మొహం దాచుకుని ఏడ్చాడు.

తెల్లవారేసరికి అమ్మ పోయింది. బాపు చెయ్యి ఆమె చేతిలోనే ఉంది.

కర్మలన్నీ అయ్యాక బాపు మాకు జరిగింది చెప్పాడు. నాగపూర్‌లో రెండు బండ్లూ కలిశాయట. ఆ వంటాయన పట్టాలు దాటి వచ్చి బాపును వెతికి పట్టుకున్నాడు. కానీ ఆ ప్రయాణంలో బాపుతో కలిసి వండే జతగాడు జ్వరమొచ్చి ముందే దిగిపోయాడు. బాపు కాజీపేటలో దిగితే మద్రాసు దాకా అంతమందికి వండేవాళ్లు లేరు. ఏం చేయాలో తోచక నిలబడిపోతే, ఆయన బాపు చేతిలోంచి గరిటె లాక్కుని, "మా బండిలో ఇద్దరం ఉన్నాం, ఇక్కడ మీరొక్కరే. కాజీపేట రాగానే మీరు దిగిపోండి," అన్నాడట. తన బండిని ఢిల్లీ వైపు వదిలేసి, మా బాపు పొయ్యి దగ్గర నిలబడి మద్రాసు దాకా వెళ్లాడు. ఆ కంగారులో బాపు ఆయన పేరైనా అడగలేదు. తర్వాత ఎన్నో ఏళ్లు, ఆగిన ప్రతి బండి వంటపెట్టెలోకి తొంగి చూసేవాడు. ఆయన మళ్లీ కనిపించలేదు.

అమ్మ దక్కలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. కానీ తలుపు వైపు చూస్తూ మాత్రం పోలేదు. ఇన్నేళ్లలో ఎవరు నాతో ఏ కబురు చెప్పి పంపినా రేపు చెబుదాంలే అనుకోలేదు నేను. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగి, ట్రాఫిక్‌లో పడి, ఆ మనిషి ఇల్లు వెతుక్కుని చెప్పి వస్తాను. ఫోన్ చేస్తే సరిపోయేది కదా అని మా పిల్లలు నవ్వుతారు. ఫోన్ ఎత్తకపోతే? కబురు అందిందని కళ్లారా చూసేదాకా నాకు మనసు నిలవదు.