వార్డు నుంచి ఫోన్ వచ్చే వేళ

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ వేసవిలో సూరత్‌లోని గోడాదరాలో మాది ఒక్క గది ఇల్లు. ఒక మూల నేను లాప్‌టాప్ ముందు కూర్చుని ఆఫీసు పని చేసేవాణ్ణి. ఇంకో మూల అవ్వ, అంటే మా అమ్మ, నా ఫోన్‌ను కనిపెట్టుకుని ఉండేది. మా నాన్న, బాపు, ఆసుపత్రిలో ఉన్నాడు. నేను పుట్టకముందు నుంచీ సూరత్‌లో మగ్గాలు నడిపిన మనిషి. ఆ చప్పుడుకి చెవులు సగం పోయాయి. ఇప్పుడు మూతికి మాస్కు, పక్కన ఆక్సిజన్. మమ్మల్ని గేటు కూడా దాటనివ్వలేదు.

వార్డుకంతా ఒకటే ఫోన్. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక నర్సు దాన్ని పట్టుకుని మంచం మంచానికీ తిరిగేది. ముందు మామూలు ఫోన్ చేసి, ఎత్తితే వీడియో పెట్టేది. ఎంగేజ్ వస్తే ఒకటి రెండుసార్లు చూసి పక్క మంచానికి వెళ్లిపోయేది. పాపం ఆమె మాత్రం ఏం చేస్తుంది, అంత వార్డు. "మేమే చేస్తాం, మీరు చేయకండి" అని చేర్చుకున్న రోజే చెప్పారు. అవ్వకూ ఒక చిన్న ఫోన్ ఉంది. కానీ అందులో వీడియో రాదు, పైగా ఆమె హిందీలో తడబడుతుంది. అందుకని నా నంబరే రాయించాను. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనే కదా!

నా చదువు ఏం పనికొచ్చిందో చెప్పాలి. మా కంపెనీ బట్టల మార్కెట్ వ్యాపారులకు కంప్యూటర్లు అద్దెకిస్తుంది. అవి చేత్తో పట్టుకునే కంప్యూటర్లు కావు. ఒక పెద్ద సర్వర్ లోపల ఎవరి కంప్యూటర్ వాళ్లకు వేరుగా ఉన్నట్టు నడుస్తాయి. వర్చువల్ మెషిన్లంటారు. సర్వర్ పాతబడితే వాటిని ఆపకుండానే కొత్త సర్వర్‌లోకి మార్చాలి. దుకాణంలో బిల్లు కొడుతున్న గుమాస్తాకు తన కంప్యూటర్ చోటు మారిందని తెలియనే కూడదు.

మా దగ్గర ఈ మార్పిడి అప్పుడప్పుడూ కారణం లేకుండా ఆగిపోయేది. కారణం నేను పట్టుకున్నాను. కొత్తవైపు ముందుగా సాకెట్ అనే ఒక ద్వారం తెరిచి పిలుపు కోసం చెవి ఒగ్గి ఉండాలి. ఆ తర్వాత పాతవైపు పిలవాలి. మేమేమో రెండింటికీ ఒకేసారి మొదలుపెట్టమని చెప్పేవాళ్లం. ఏది ముందు లేస్తుందో ఎవరికీ తెలియదు. కొత్తది లేవకముందే పాతది పిలిచిందంటే అవతల వినే దిక్కు లేదు, కనెక్షన్ దొరకదు. దీన్ని రేస్ కండిషన్ అంటారు. కాసేపు ఆగి మళ్లీ పిలిస్తే సరిపోతుందని టీములో వాళ్లన్నారు. నాకు ఒళ్లు మండింది. ఎంతసేపు ఆగాలి? సర్వర్ మీద భారం పడిన రోజు ఆ కాసేపు చాలకపోతే? రెండువైపులా చూసుకునే పై ప్రోగ్రాం ఒకటుంది. అదే ముందు సాకెట్ తెరిచి, తెరిచినదాన్ని కొత్త మెషిన్ చేతిలో పెట్టాలి. అప్పుడే పాతదాన్ని పిలవమనాలి. కొత్తది లేవడానికి కాస్త ఆలస్యమైనా, వచ్చిన పిలుపు తెరిచిన సాకెట్ దగ్గర నిలబడి ఉంటుంది, వెనక్కి పోదు. ఇందులో ఊహలతో పని లేదు.

ఆ రోజు పొద్దున అది పరీక్షించాం. ఎన్నిసార్లు మార్చినా ఒక్కటీ ఆగలేదు. మీటింగులో అందరికీ ఉపన్యాసం దంచాను. ఇద్దరూ తొందరపడితే ఎవరి మాటా ఎవరికీ చేరదని, ఒకరు నోరు మూసుకుని వినడానికి కూర్చోవాలని చెప్పాను. సరిగ్గా ఈ మాటలే అన్నాను. అందుకే ఇప్పుడు రాస్తుంటే చెవులు కాలుతున్నాయి.

ముందురోజు నర్సు ఒక మాట చెప్పింది. బాపుకు ఆక్సిజన్ నిలవడం లేదు, రేపు పైఅంతస్తులో ఐసీయూకు మార్చవచ్చు, అక్కడికి ఫోన్ రాదు అని. ఐసీయూకు వెళ్లినవాళ్లలో తిరిగి వచ్చినవాళ్లు మా గల్లీలో అప్పటికి ఒక్కరూ లేరు. మర్నాడు మధ్యాహ్నం అవ్వ మొహం కడుక్కుని, తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, పెళ్లిళ్లకు కట్టే చీర తీసి కట్టుకుంది.

"ఏం మాట్లాడుతవవ్వా?" అని అడిగాను.

"ఏం మాట్లాడుత? గాయనకు ఇనవడదాయె. నా మొకం జర కనవడితే సాలు. లోపల్కి పోయేటప్పుడు మొకం సూసి పోవాలె."

అంతలో మా మేనేజర్ ఫోన్ చేశాడు. ఎవరని అవ్వ అడిగితే, "ఆఫీసు, రెండు నిమిషాలు" అన్నాను. ఆయన పొగడ్త మొదలుపెట్టాడు. ఇంకో ఊళ్లో ఉన్న టీముకూ నేనే నేర్పాలన్నాడు. ఆసుపత్రి ఫోన్ కోసం చూస్తున్నానని ఒక్క మాట చెబితే ఆయనే పెట్టేసేవాడు, చెడ్డ మనిషి కాదు. నేను చెప్పలేదు. సాకెట్ సంగతి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. మధ్యలో చెవిలో టిక్ టిక్‌మని ఇంకో ఫోన్ వస్తున్నట్టు వినిపించింది. ఊరి నుంచి ఎవరో బాపు ఎట్లా ఉన్నాడని అడగడానికి చేస్తున్నారనుకున్నాను. చెప్తున్నది పూర్తి చేయాలనిపించింది. అవ్వ వచ్చి నా చొక్కా లాగింది.

పెట్టేసి చూస్తే వార్డు నంబరు.

వెంటనే తిరిగి చేశాను. ఎంగేజ్. కట్ చేసి మళ్లీ చేశాను. ఎంగేజ్. ఆ మధ్యలోనే నర్సు చేసినట్టు తెర మీద మిస్డ్ కాల్ పడింది. దాన్ని చూసి ఇంకా గాబరాపడి మళ్లీ నొక్కాను. నేను ఆమెకు చేస్తున్నాను, ఆమె నాకు చేస్తోంది, ఇద్దరికీ ఎంగేజే. అవ్వ నా ఎదురుగా కొంగు సర్దుకుని, తెర వైపే చూస్తూ కూర్చుంది. నా వేలు ఆగలేదు. అప్పుడు తట్టింది, పొద్దున నేను ఊదరగొట్టిన ఉపన్యాసం. ఫోన్ చాప మీద పెట్టేసి చేతులు వెనక్కి తీసుకున్నాను. ఇక అది మోగలేదు. నర్సు పక్క మంచానికి వెళ్లిపోయింది.

చీకటి పడకముందే ఆసుపత్రి ఆఫీసు నుంచి ఎవరో ఫోన్ చేసి బాపును పైకి మార్చామన్నారు. అవ్వ లేచి ఆ చీర విప్పి, మడతలు సరిచేసి, పెట్టెలో పెట్టేసింది. నన్ను తిట్టి ఉంటే నాకు అన్నం సహించేది. ఆఫీసు గ్రూపులో ఆ సాయంత్రమంతా నాకు చప్పట్ల బొమ్మలు వస్తూనే ఉన్నాయి. సిగ్గుతో ఫోన్ బోర్లా తిప్పి పెట్టాను.

బాపు బతికాడు. అదృష్టమో ఆయన మొండితనమో నాకు తెలియదు. సగం మనిషై, గొంతు కీచుమంటూ ఇంటికొచ్చాడు. గల్లీవాళ్లు గడప బయట నిలబడి పలకరించారు. మగ్గాల దగ్గర బాపుకు తోడుగా పనిచేసిన పెద్దాయన ఒకరు, భయం కాలేదా అని అరిచి అడిగాడు.

"ఎందుకు గాలేదే! గానీ లోపల్కి తీస్కవోయే దినం నర్సమ్మ ఇంటికి ఫోన్ కొట్టింది. ఎన్నిపార్లు కొట్టినా బిజీనే. 'కాకా, నీ ఇంటోల్లకు నువ్వు యాదికి లేనట్టుంది' అని నా చెవి కాడ గట్టిగ జెప్పి నవ్వింది. నేనన్న, గట్ల గాదు బెహెన్, మా పిలగాడు పెద్ద పెద్ద సాబులను ఎరుకున్నోడు, నా కోసం డాక్టర్లకు ఫోన్లు కొడుతుంటడు, గందుకే లైన్ దొరుకుతలేదు అని. గా ధైర్నంతోనే లోపల్కి పోయిన."

అందరూ నా వైపు చూశారు. ఒకాయన శభాష్ అన్నాడు. నేను నోరు తెరిచాను. నాకంటే ముందు అవ్వ అందుకుంది.

"అవు. గా పొద్దంత గదే పని. అన్నం సుత తినలే" అంది.

వాళ్లంతా వెళ్లిపోయాక, వంటగట్టు దగ్గర ఆమె గిన్నెలు తోముతుంటే పక్కన నిలబడ్డాను. ఎందుకట్లా చెప్పినవని అడిగాను.

"మరి గాయనకేం చెప్పాలె? నీ కొడుకు మేనేజర్ మెచ్చుకుంటుంటే మురుసుకుంట కూసున్నడని చెప్పాల్నా?" తలెత్తకుండానే అంది. "గాయన పానం గా మాట మీదనే నిలవడ్డది. దాన్ని నువ్వు ముట్టకు."

గదిలోంచి బాపు ఆ కీచు గొంతుతో నన్ను పిలిచాడు. మందులు ఇవ్వడానికి వెళ్లాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఎంతసేపటికీ వదలలేదు.