రైస్ మిల్లులో లైబ్రరీ వైద్యం

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు సేటు తన లారీల కాంటా కోసం నా చేత ప్రోగ్రాం రాయించుకున్నాడు. లారీ కాంటా ఎక్కగానే బరువు చదివి చీటీ ముద్రించాలి, అంతే పని. సూర్యాపేటలో మా ఇంట్లో, విండోస్‌కు బదులు లినక్స్‌తో నడిచే నా లాప్‌టాప్ మీద చక్కగా నడిచింది. మిల్లులోనూ లినక్స్ కంప్యూటరే. అక్కడ పెట్టి నడపగానే, ఫలానా లైబ్రరీ దొరకలేదని చెప్పి ఆగిపోయింది. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, నాలుగు ప్రోగ్రాములు కలిసి వాడుకునే పనిని ఒకచోట రాసిపెట్టిన ఫైలు. నాకు కావలసింది కాంటాతో మాట్లాడే లైబ్రరీ. అది ప్రోగ్రాం పక్కనే, అదే ఫోల్డరులో ఉంది.

సేటు తెర మీదికి వంగి చూశాడు.

"గీడనే ఉన్నది గదమ్మా. లేదంటదేంది?"

లినక్స్ ప్రోగ్రాం పక్కన చూడదని చెప్పాను. ప్రోగ్రాంలో రాసిన చోటు, మనం పైనుంచి చెప్పిన చోటు, తన దగ్గరున్న జాబితా, చివరికి సిస్టం ఫోల్డర్లు, ఇవే వెతుకుతుంది. అక్కడ లేకపోతే మూరెడు దూరంలో ఉన్నా లేనట్టే. సేటుకు ఇది వెంటనే అర్థమైంది. ఆఫీసుల్లో తన కాగితం బల్ల మీదే ఉన్నా దొరకలేదని తిప్పి పంపుతారట.

నేను లైబ్రరీని సిస్టం ఫోల్డరులో పెట్టి ఆ జాబితాను కొత్తగా రాయించబోతుంటే సేటు అల్లుడు వచ్చాడు. హైదరాబాదులో ఏదో కోర్సు చేసినవాడు. ఆ కోర్సు పేరు ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పేవాడు.

"జర జరుగుండ్రి మేడం," అని కుర్చీ లాక్కుని, ఫోనులో చూస్తూ, ఎక్కడ వెతకాలో పైనుంచి చెప్పే లైబ్రరీ పాత్ అనే సెట్టింగు టైపు చేశాడు. ప్రోగ్రాం నడిచింది. సేటు మొహం వెలిగిపోయింది. నా వైపు చూసిన చూపులో మాత్రం జాలి ఉంది. టైపు చేసిన విండో మూసేస్తే ఆ సెట్టింగూ పోతుందని నేను అన్న మాట చాయ్ గ్లాసుల చప్పుడులో కలిసిపోయింది.

మర్నాడు కంప్యూటరు ఆన్ చేయగానే మళ్లీ అదే గోల. వడ్ల లారీలు గేటు దాకా నిలిచాయి. నేను బస్సు దిగేలోపే అల్లుడు శాశ్వత పరిష్కారం చేసేశాడు. తన లాప్‌టాప్‌లోని లైబ్రరీలన్నిటినీ తెచ్చి సిస్టం ఫోల్డరులో కుమ్మరించాడు. అక్కడున్న పాతవి చెరిగిపోయి వాటి చోట ఇవి కూర్చున్నాయి. కంప్యూటరులో ప్రతి చిన్న కమాండూ ఆ పాతవాటి మీదే ఆధారపడి ఉంటుంది. నేను వెళ్లేసరికి, ఫైళ్ల పేర్లు చూపమన్నా చూపే స్థితిలో లేదు.

"మీ ప్రోగ్రాంల వైరస్ ఉన్నది మేడం," అన్నాడు, రెప్ప వేయకుండా.

నాకు ఒళ్లు మండింది. లినక్స్ మొత్తం మళ్లీ ఎక్కించాను. ఈసారి, నీ ఫోల్డరులోనే వెతుక్కో అని ప్రోగ్రాంలోనే రాసిపెట్టాను. దాంతో కాంటా కదిలింది.

తర్వాత వాళ్లదే కోదాడ మిల్లు. అక్కడి మేనేజరు దగ్గర ఆపిల్ వాళ్ల మ్యాక్ కంప్యూటరు ఉంది, అల్లుడు పట్టుబట్టి కొనిపించినదే. అదీ లినక్స్‌లాగే యూనిక్స్ జాతే గనుక అదే మందు పనిచేస్తుందని అల్లుడు నాకంటే ముందే వెళ్లి కూర్చున్నాడు. మ్యాక్ ఆ లైబ్రరీ పాత్ సెట్టింగు పేరునే పట్టించుకోదు. దానికి వేరే పేరుంది, ఆ పేరుతో చెప్పినా ఒక్కోసారి భద్రత అంటూ మధ్యలో చెరిపేస్తుంది. లినక్స్ లైబ్రరీ అయితే అసలు ముట్టుకోదు.

మేనేజరు నన్ను వరండాలోకి పిలిచాడు.

"ఆయన పొద్దున్నించీ టైపు చేస్తానే ఉన్నారండి. ఆయన భోజనానికి వెళ్లాక మీరు కాస్త చూద్దురూ."

అల్లుడు భోజనానికి వెళ్లాడు. మ్యాక్ కోసం విడిగా తయారుచేసి తెచ్చిన ప్రోగ్రాం, లైబ్రరీ ఎక్కించాను. మ్యాక్‌లో లైబ్రరీ ఎక్కడుంటుందో ప్రోగ్రాం లోపలే రాసి ఉంటుంది. ఆ చోటును, అది తయారైన కంప్యూటరు దారి నుంచి ప్రోగ్రాం పక్కకు మార్చాను. చీటీ వచ్చింది.

అల్లుడు చేతులు తుడుచుకుంటూ వచ్చి, చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, సేటుకు ఫోను చేశాడు.

"అయిపోయింది మామా. జర సతాయించింది గానీ, వదుల్తనా?"

మేనేజరు నా వైపు చూడకుండా ప్రింటరులో కాగితాలు సర్దాడు. నేను సంచీ తీసుకుని సూర్యాపేట బస్సెక్కాను.

ఇప్పుడు చుట్టుపక్కల మిల్లులన్నిటికీ ఆయనే సలహాదారు. నన్ను తన దగ్గర పనిచేసే అమ్మాయిగా చెప్పుకుంటున్నాడని విన్నాను. మొన్న చిలుకూరు దగ్గర కొత్త మిల్లువాళ్లు పిలిస్తే, ఏ కంప్యూటరు అని అడగలేదు. ఇంట్లో చదువుకున్న అల్లుళ్లెవరైనా ఉన్నారా అని అడిగాను.