రియాద్ నుంచి హాయిల్‌కు రైల్లో, అక్కను చూడటానికి

తొమ్మిదేళ్ల కొలువు ముగించుకుని వచ్చే వారం ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్లిపోతున్నాను. రియాద్‌లో ఏసీలు బాగుచేయడం నా పని. మా అక్క రమణమ్మ రెండేళ్ల కిందట హాయిల్‌లో ఒకరింటికి పనికి వచ్చింది. ఒకే దేశంలో ఉన్నా ఇంతవరకు కలవలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "బాగుండాలేరా" అంటుంది. ఆ మాటను ఎంతవరకు నమ్మాలో తెలియదు. నేను వెళ్లిపోయాక ఇక్కడ ఆమెకు నా అన్నవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే వెళ్లేలోగా ఒకసారి కళ్లారా చూడాలనుకున్నాను. నాకు దొరికింది ఒక్కరోజు సెలవు. బస్సులో అంత దూరం పోయి రావడానికి ఓపిక లేక రైలు టికెట్ తీసుకున్నాను. ఒకవైపుకు నూట ఇరవై రియాళ్లు పడింది. రోజును బట్టి ధర మారుతుంటుంది.

పొద్దున ఏడింటికి టాక్సీ ఎక్కగానే డ్రైవర్, పెషావర్ మనిషి, అద్దంలోంచి నన్ను చూసి అడిగాడు. "కౌన్సా స్టేషన్, భాయ్? దమ్మామ్ వాలా, హాయిల్ వాలా?" రియాద్‌లో రెండు స్టేషన్లున్నాయని నాకప్పటిదాకా తెలియదు. హాయిల్ బండ్లు ఊరికి ఉత్తరాన, విమానాశ్రయం వైపున్న స్టేషన్ నుంచి బయల్దేరతాయి. ఆ ఒక్క ప్రశ్నే నా ప్రయాణాన్ని కాపాడింది. యాభై రియాళ్లు తీసుకున్నాడు. అక్కడ అంతా విమానాశ్రయం పద్ధతే. సామాను తనిఖీ చేస్తారు, టికెట్‌తోపాటు ఇఖామా, అంటే మన నివాస కార్డు, చూపించాలి. బండి కదలడానికి ముందే గేటు మూసేస్తారు కాబట్టి గంట ముందు చేరుకోవడం మంచిది.

తొమ్మిదికి బండి కదిలింది. సీట్లు మెత్తగా ఉన్నాయి, చలి మాత్రం ఎక్కువ. రోజంతా ఏసీల మధ్యే బతికే నాకే వణుకు పుట్టింది. కిటికీలోంచి ఇసుక, కరెంటు స్తంభాలు, అక్కడక్కడ ఒంటెలు. వారమంతా వరసగా డ్యూటీ చేసిన ఒళ్లు కదా, మజ్మా స్టేషన్ ఎప్పుడు దాటిందో చూడలేదు. ఖసీం దగ్గర మెలకువ వస్తే గుండ్రటి పచ్చటి పొలాలు కనిపించాయి. ఒంటిగంట దాటాక హాయిల్‌లో దిగాను. స్టేషన్ ఊరికి దూరం, టాక్సీకి ముప్పై రియాళ్లు. తిరుగు బండి అయిదున్నరకు. అంటే నాలుగున్నరకల్లా ఆ ఇంటినుంచి కదలాలి.

ఇంటి యజమాని అబూ ఫైసల్ బడిపంతులు. మర్యాదగా మజ్లిస్‌లో, అంటే మగవాళ్లు కూర్చునే ముందుగదిలో, కూర్చోబెట్టి ఖర్జూరాలు, గహ్వా అనే అరబ్బీ కాఫీ పెట్టాడు. నా ఇఖామా అడిగి తీసుకుని, అక్కది పక్కన పెట్టుకుని చూశాడు. అతని ముఖం మారిపోయింది.

"నువ్వు తమ్ముడివైతే ఇంటిపేరు వేరేగా ఉందేం?"

"పెళ్లయ్యాక మాలో ఆడవాళ్లకు మొగుడి ఇంటిపేరు వస్తుంది" అని వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. వాళ్లలో ఆడపిల్ల చచ్చేదాకా తండ్రి ఇంటిపేరుతోనే ఉంటుంది. అతను తల అడ్డంగా ఊపాడు. "పరాయి మగవాడికి ఆమెను చూపించలేను. ఆమె బాధ్యత నాది. గహ్వా తాగు." మా ఇద్దరి తండ్రీ ఒకరేనని చూపించేది పాస్‌పోర్టు చివరి పేజీ. నా పాస్‌పోర్టేమో రియాద్‌లో నా ఇనుప పెట్టెలో ఉంది, తాళంచెవి నా జేబులో ఉంది. రైలుకు ఇఖామా చాలని దాన్ని తేలేదు. అతనిలో తప్పు వెతకలేకపోయాను. ఇంతలో అసర్ నమాజుకు బాంగు వినిపించి అతను మసీదుకు వెళ్లిపోయాడు. గోడ అవతల గిన్నెల చప్పుడు. అది అక్కే అయ్యుంటుందనుకుంటూ కూర్చున్నాను.

అతను తిరిగొచ్చేసరికి మూడూ ముప్పావు. వెనకే చేతికర్ర టకటకలాడించుకుంటూ వాళ్లమ్మ వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, నన్ను ఎగాదిగా చూసి అడిగింది.

"నీ అక్క నిన్నెప్పుడైనా కొట్టిందా?"

"కొట్టింది."

"దేనికి?"

జరిగిందే చెప్పాను. వేరుశనగను ఇక్కడ ఫూల్ సూడానీ అంటారు. విత్తనానికి దాచిన మూటలోంచి దొంగతనంగా తిన్నానని, చీపురు తిరగేసి కొట్టిందని చేతులతో అభినయించాను. ముసలామె పకపకా నవ్వి కొడుకు వైపు తిరిగింది.

"లోపల వీళ్లక్కను అడిగితే అదీ ఇదే చెప్పింది. చీపురుతో సహా! గోధుమ విత్తనం ముట్టుకుంటే మా నాన్న నన్ను మాత్రం వదిలాడా? పిలవరా దాన్ని."

అక్క వచ్చింది. ముసలామె మా ఇద్దరి మధ్యా కర్ర పట్టుకుని కూర్చుంది. అక్క ఏడవబోతే "ఏయ్, సమయం లేదు, మాట్లాడు" అని కసిరి, జారిన ఆమె తలగుడ్డను తనే సర్దింది. అది చూశాక నేను అడగాలనుకున్నవేవీ అడగలేదు. అక్క మాత్రం నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఫోన్లో బాగుండానంటివే! ఈ మెడ ఎముకలేందిరా? యాడన్నా తింటాండావా, లేదా?"

"తింటాండా."

"అబద్ధాలు జెప్పాకు. నువ్వు ముందు ఇంటికి పో. నాకేం, బాగుండా. ఈ ముసలామె నన్ను ఊరికే ఉండనిచ్చేటట్టు లేదు గానీ, సావనిచ్చేటట్టూ లేదు."

నాలుగున్నరకు లేచాను. అక్క ఒక పొట్లం చేతిలో పెట్టింది. బండి కదిలాక విప్పి చూశాను. వేయించిన చెనిక్కాయలు. పైన కాగితం మీద రాసింది: "ఇవి విత్తనాలు కాదులే. తినుకో. కొట్టను."

ఖసీం వచ్చేదాకా ఒక్కొక్కటే తింటూ కూర్చున్నాను. ఆమె బాగుందో లేదో చూసి రావాలని పోయాను. చూశాను. నేను బాగాలేనన్న సంగతి మాత్రం ఆమె చూసేదాకా నాకూ తెలియలేదు. ఎనిమిదిన్నర గంటల ప్రయాణంలో నాకు దక్కింది ముప్పావుగంట. అది చాలింది.

ఇక్కడ పనిచేసే అక్కనో చెల్లెలినో చూడటానికి వెళ్లేవాళ్లు పాస్‌పోర్టు చివరి పేజీ నకలు తప్పకుండా వెంట తీసుకెళ్లండి. చీపురుతో కొట్టిన అక్క అందరికీ ఉండదు.