గేదెకు లేని పథ్యం

లేదమ్మా, మా ఇంట్లో గంజి వార్చం. అత్తెసరే, కొలిచి పోసిన నీళ్లు అన్నంలోనే ఇగిరిపోవాలి. గంజి వారిస్తే బి1 విటమిన్ పోతుందా అని పరీక్షకు చదువుతూ ఫోన్లో అడిగావు కదా. పోతుంది. నేనది పుస్తకంలో చదవలేదు, రేపల్లెలో చూశాను.

మా చిన్నమ్మాయి, అదే మీ పిన్ని, రెండో కాన్పు రేపల్లెలో అత్తగారింట్లోనే అయింది. బాపట్ల నుంచి నేను వెళ్లేసరికి బాబుకి మూడో నెల. మీ పిన్ని ఇంకా పథ్యంలోనే ఉంది. మల్లెపువ్వులా పాలిష్ పట్టిన బియ్యం, నీళ్లు తేటబడేదాకా కడిగి, గంజి వార్చిన అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. అంతే. పప్పు వాతమట. ఆకుకూర చలవట. గుడ్డు మాట ఎత్తకూడదట.

"ఇంకా ఎన్నాళ్లు వదినగారూ?"

"మా ఇంట్లో ఐదో నెల దాకా అండి. మీ బాపట్ల వాళ్లకి అన్నిటికీ తొందరే," అని నవ్వింది వియ్యపురాలు.

మర్నాడు బాబు ఏడ్చాడు. నోరు తెరిచాడు, మొహం కందిపోయింది, గొంతు మాత్రం రాలేదు. డొక్కలెగరేస్తున్నాడు. తెనాలి ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నాడు, మందులు రాశాడు. తల్లి ఏం తింటోందని అడగలేదు.

"దీని పాలే మంచివి కాదండి," అంది వియ్యపురాలు, వార్డులో అందరూ వింటుండగా. మీ పిన్ని పైటకొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం డ్యూటీకి వచ్చిన డాక్టరమ్మ అడిగింది, ఏం పెడుతున్నారని. చెప్పాం.

"విటమిన్ కొంత మిల్లులో తవుడుతో పోయింది, కొంత బియ్యం కడిగిన నీళ్లలో, మిగిలింది గంజిలో. తల్లికి లేనిది పాలల్లోకి ఎలా వస్తుందండీ? అది లేకపోతే తిన్నది శక్తిగా మారకుండా సగంలో ఆగిపోతుంది, ఒంట్లో ఆమ్లం పేరుకుంటుంది. వీడికి నెమ్ము కాదు, గుండె అలిసిపోతోంది!"

బి1 ఇంజక్షన్ చేశారు. పొద్దుగూకేసరికి రొప్పు తగ్గింది. గొంతు రావడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది.

తల్లీబిడ్డల్ని బాపట్ల తెచ్చుకుందామని, వాళ్ల బట్టల కోసం రేపల్లె వెళ్లాను. వియ్యపురాలు పెరట్లో ఉంది. ఆ మధ్యే ఈనిన గేదె ముందు కుడితి తొట్టి. అందులో తవుడు, బియ్యం కడుగు, గంజి.

గొంతు పెంచడం నాకు చేతకాదు. మెల్లగానే అడిగాను.

"దీనికి పథ్యం లేదా వదినగారూ?"

"గేదెకి పథ్యమేంటండి, పాలు తగ్గిపోవూ?"

బట్టల మూట ఎత్తుకుంటూ అన్నాను.

"మరి మా పిల్లకో?"